ఎలుకకి పనిచేస్తే అత్తగారికి పనిచేస్తుందా?

మొన్న మా ఆడపడుచు ఒక డబ్బా పంపింది. పసుపు సారం, విటమిన్ ఇ కలిపిన గుళికలు. నెలకి పద్దెనిమిది వందలు. "వదినా, అమ్మకి రోజూ రెండు వెయ్యి. మతిమరుపు రాకుండా ఆపుతాయట, పరిశోధనలో తేలిందట" అని ఫోను.

ఎవరిమీద తేలింది తల్లీ అని వెతికితే, ఎలుకల మీద!

అది అబద్ధమేమీ కాదు. 2001లో లాస్ ఏంజెలెస్ శాస్త్రవేత్తలు పసుపులోని కర్క్యుమిన్‌ని ఎలుకల మేతలో కలిపి పెట్టారు. వాటి మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ గార తగ్గింది. కానీ ఎలుకకి మనలా అల్జీమర్స్ రాదు. మనిషి జన్యువుని దానిలో చొప్పించి, ఆ గార పట్టేలా చేసి, తగ్గిందా లేదా అని చూస్తారు. అది మొదటి మెట్టు. ఈ వ్యాపారులు మెట్టు చూపించి మేడ అమ్ముతున్నారు.

మరి మనుషుల మీద చూడలేదా? చూశారు. అల్జీమర్స్ ఉన్నవాళ్ళకి 24 వారాలు కర్క్యుమిన్ ఇచ్చి, మేలేమీ కనబడలేదని 2012లో చెప్పారు. మతిమరుపు మొదలైన 769 మందిని మూడేళ్ళు గమనించి 2005లో చెప్పిందేమిటంటే, విటమిన్ ఇ వేసుకున్నవాళ్ళూ, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళూ ఒకేలా అల్జీమర్స్‌లోకి జారారని. నిజం దాచకూడదు కనుక ఇదీ చెప్తాను: జబ్బు ముదరని రోగులకి డాక్టర్ల పర్యవేక్షణలో ఎక్కువ మోతాదు విటమిన్ ఇ ఇస్తే, రోజువారీ పనులు చేసుకునే శక్తి కాస్త నెమ్మదిగా తగ్గిందని 2014లో తేలింది. అది రోగికి వైద్యం. రాకుండా ఆపే కవచం కాదు.

పైగా మా అత్తగారు రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటారు. దానికి ఎక్కువ మోతాదు విటమిన్ ఇ తోడైతే రక్తస్రావం ముప్పు. ఆ సంగతి అమ్మినవాడు అడిగాడా?

అసలు నా కడుపుమంట వేరే ఉంది. రెండేళ్ళుగా ఆవిడకి చెవులు సరిగా వినబడవు. మిషను కొందామంటే "ఈ వయసులో ఎందుకు, దండగ" అన్నారు ఇంట్లో. వినబడక మాట కలపడం మానేసిన మనిషికి మతిమరుపని పేరు పెట్టి, ఇప్పుడు ఏడాదికి 21,600 గుళికలకి పోస్తారట! డిమెన్షియా ముప్పు పెంచే, మనం సరిదిద్దుకోగల 14 కారణాలని 2024లో లాన్సెట్ నిపుణుల సంఘం లెక్క చెప్పింది. వినికిడి తగ్గడం, బీపీ, షుగరు, ఒంటరితనం అందులో ఉన్నాయి.

చెవి మిషను పెడితే జబ్బు రాదని నేను హామీ ఇవ్వను. ఇస్తే నేనూ డబ్బా అమ్మినట్టే. కానీ మనవరాలి మాటయినా ఆవిడకి వినబడుతుంది కదా.

డబ్బా తిరిగి పంపేశాను. ఆడపడుచు అలిగింది. అలగనీ. సోమవారం అత్తగారిని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. మీ ఇంటికీ ఇలాంటి డబ్బా వస్తే, మూత తీసేముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఎవరిమీద తేలింది?"