దారిలో ఆగిన బండికి ధర కట్టు విధము

వాహనము నడిమార్గమున నిలిచిపోయినప్పుడు వచ్చి ఆదుకొనెదమని బీమా కంపెనీలు అమ్ముచున్న ‘రోడ్ సైడ్ అసిస్టెన్స్’ రక్షణ, కారు పాలసీకి అనుబంధముగా ఏటేట కొన్ని వందల రూపాయలకే లభించుచుండుటచేత, దాని ధర ఎట్లు నిర్ణయింపబడుచున్నదని విచారించువారు అరుదు. హైదరాబాదులోని ఉద్యోగియు, గద్వాలలోని జరీచీరల వర్తకుడును దాదాపు ఒకే మొత్తము చెల్లింతురు గనుక, ఇందు వ్యక్తిభేదమునకు తావు లేదని తోచుట సహజము. కాని ధరలో కనబడని భేదము సేవలో ప్రత్యక్షమగునెడల ఆ సమానత్వము నామమాత్రమే. నివాసస్థలము, వాహనపు వయస్సు, జీవనవృత్తి అను వ్యక్తిగత కారణములు మన దేశమున ప్రీమియముకంటె ఎక్కువగా షరతులలోను, నిరీక్షణకాలములోను తమ ప్రభావమును చూపుచున్నవి.

ఈ రక్షణ ధర మూడు ప్రశ్నలపై ఆధారపడును: బండి ఎంత తరచుగా మొరాయించును, అది నిలిచిన చోటికి చేరుటకు ఎంత వ్యయమగును, దాని యజమాని ఏడాదికెన్నిమారులు పిలుచును. 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ స్థాపితమైన బ్రిటనులో ఈ రక్షణను ఒక వాహనమునకు గాని, ఒక మనుష్యునికి గాని, ఒక కుటుంబమునకు గాని వేర్వేరు ధరలకు కొనవచ్చును. అయితే బీమాలో ఇట్టి వ్యక్తిగత గణనకు హద్దు ఎక్కడ అను తర్కము ఐరోపాలో న్యాయస్థానము దాకా పోయినది. స్త్రీపురుషభేదమును బట్టి ప్రీమియము మార్చరాదని ఐరోపా న్యాయస్థానము 2011 మార్చి 1న చెప్పిన తీర్పు 2012 డిసెంబరు 21 నుండి అమలునకు వచ్చినది. గృహ, వాహన బీమాలలో పాత ఖాతాదారులవద్ద, కొత్తవారికంటె అధికధర రాబట్టు ఆచారమును బ్రిటిషు నియంత్రణసంస్థ 2022 జనవరి 1 నుండి నిషేధించినది. లెక్కకు నిలిచినంతమాత్రమున ఒక ధర న్యాయమునకు కూడ నిలువదన్నది ఈ రెండు సందర్భములందును తేలిన సారాంశము.

మన దేశమున 2002 నాటి మోటారు టారిఫ్ సొంత కార్ల విషయమున దేశమును రెండు మండలములుగా విభజించినది. హైదరాబాదు, చెన్నై, ముంబయి మొదలగు ఎనిమిది మహానగరములు ‘ఎ’ మండలము కాగా, తక్కిన దేశమంతయు కొంత తక్కువ ధర గల ‘బి’ మండలము. రిజిస్ట్రేషను ఏ ఊరిలో జరిగినదన్నదే ప్రమాణము. 2007 జనవరి 1 నుండి సొంత నష్టపు ప్రీమియమును కంపెనీలే నిర్ణయించుకొను స్వేచ్ఛ లభించినను వ్యక్తిని తూచు పద్ధతి ఆగలేదు. క్లెయిము లేని సంవత్సరములకు 20 శాతముతో మొదలై 50 శాతము వరకు పెరుగు నో క్లెయిమ్ బోనస్ వాహనమునకు గాక యజమానికే చెందును. వికలాంగుల కొరకు ప్రత్యేకముగా మార్చిన వాహనములకు సొంత నష్టపు ప్రీమియములో సగము తగ్గింపవలెనని ఆ టారిఫే విధించినది. కావున వ్యక్తిని గుర్తించుట మన బీమాకు కొత్త కాదు. ఏ కారణముచేత గుర్తించుచున్నదన్నదే విచారణీయము.

ఇచ్చట ఒక వైపరీత్యము కలదు. ప్రమాదముల లెక్కలో పల్లెటూరు చౌక, నగరము ప్రియము, ఏలయన నగరపు రద్దీలో బండ్లు తరచుగా ఢీకొనును. మార్గమధ్య సహాయపు లెక్కలో ఈ క్రమము తలక్రిందులగును: క్రేను, మెకానిక్ నగరమునందు దగ్గరలోనే దొరకుదురు, పల్లెకు వారు చేరుటయే వ్యయము. ఆ వ్యయమును కంపెనీ ధరలో చూపక, పాలసీ కాగితపు చిన్న అక్షరములలో దాచుచున్నది: ఇన్ని కిలోమీటర్ల వరకే టోయింగ్, ఏడాదికి ఇన్ని పిలుపులే, ఇన్నేండ్లు దాటిన బండికి వర్తింపదు.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగరు జిల్లానుండి ఏర్పడిన జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలయందు ఈ షరతుల అర్థము దారి దారికి మారును. కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి, అలంపురు చౌరస్తాల మీదుగా కర్నూలునకు పోవు 44వ జాతీయ రహదారిపై బండి ఆగినవాడు జాతీయ రహదారుల సహాయవాణి యగు 1033కు ఫోను చేయవచ్చును. శాఖాపురం, పుల్లూరు టోల్ ప్లాజాలలో రుసుము చెల్లించినవాడు గస్తీ, క్రేను సదుపాయములకు అప్పుడే వెల చెల్లించియున్నాడు. కాని రహదారి విడిచి కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, మల్దకల్, గట్టు, అయిజ వైపు తిరిగినవానికి ఆ సదుపాయము లేదు. బీమావారి సహాయము ఎక్కువ అవసరమగునది అక్కడనే, అది ఆలస్యమగునదియు అక్కడనే.

నల్లమలలో ఈ కష్టము పరాకాష్ఠ నందును. అచ్చంపేట దాటి మన్ననూరు చెక్‌పోస్టు మీదుగా శ్రీశైలము పోవు మార్గము అమ్రాబాద్ పులుల అభయారణ్యముగుండ సాగును. రాత్రివేళ అచ్చట వాహనములను అనుమతింపరు, పలు చోట్ల సెల్‌ఫోను సిగ్నలు అందదు. దోమలపెంట వద్ద ఆగిన కారును మహబూబ్‌నగరులోని వర్క్‌షాపునకు చేర్చుట నూరు కిలోమీటర్లకు మించిన పని. ఉచిత టోయింగ్ యాభై కిలోమీటర్లతో ముగియు పాలసీ గలవాడు మిగిలిన దూరమునకు తన జేబునుండి చెల్లించును. నగరవాసికి కొన్ని వందలకు లభించిన సంపూర్ణరక్షణ ఇతనికి అదే వెలకు సగమే లభించినదన్నమాట.

వాహనపు వయస్సు విషయమును ఇట్టిదే. కొత్త కారు కొనగలవాడు తరచుగా ఆగని బండికి రక్షణ పొందును. చేతులు మారిన పాత కారును కొన్న పత్తి విత్తన రైతు, వేరుశనగ వ్యాపారి, కూలీలను చేలకు చేరవేయు ఆటోవాడు ఎక్కువగా ఆగు బండ్లు నడుపుచుందురు. వారి వాహనములు వయోపరిమితిచేతనో, కిరాయి బండ్లగుటచేతనో ఈ అనుబంధమునకు తరచుగా వెలియగును. 2022 జూలైలో బీమా నియంత్రణసంస్థ నడిపిన దూరమును బట్టి, నడిపిన తీరును బట్టి ప్రీమియము నిర్ణయించు పద్ధతులకు అనుమతి నిచ్చుట మెచ్చదగినదే. అయినను తక్కువ దూరము తిరుగుటకు మెట్రోయో, సిటీబస్సో చేతికందిన నగరవాసికే అందలి లాభము మొదట దక్కును. సంతకును, ఆస్పత్రికిని ముప్పది కిలోమీటర్లు పోకతప్పని వానికి దూరము విలాసము కాదు.

అట్లని ప్రాంతమును బట్టి పల్లెవారివద్ద ఎక్కువ వసూలు చేయుడని నేననుట లేదు. ఒకే వెల ఉండుట వలన నగరవాసుల సొమ్ము కొంత పల్లెల సేవకు తోడ్పడునని కంపెనీలు వాదింపవచ్చును. ఆ వాదము సేవ నిజముగా చేరినప్పుడే చెల్లును. బండిని సర్వీసు చేయించుట, నిష్కారణముగా పదే పదే పిలువకుండుట మనుష్యుని చేతిలోనున్నవి. వానిని బట్టి ధర మారుట న్యాయము. ఊరు, వృత్తి, పాత బండితో సరిపెట్టుకొనవలసిన ఆర్థికస్థితి అతని చేతిలో లేనివి. వానిని ధరలోనైనను, షరతుల చాటుననైనను అతనిపై మోపుట అన్యాయము.

నియంత్రణసంస్థ కార్యాలయము హైదరాబాదులోనే ఉన్నది. ఈ మూడు జిల్లాల కేంద్రములు అచ్చటికి రెండువందల కిలోమీటర్ల లోపే. అది చేయదగినవి మూడు పనులు. పాలసీ అమ్మునప్పుడే, కొనువాని పిన్‌కోడునకు సహాయము ఎంతసేపటిలో వచ్చును, టోయింగ్ ఏ ఊరి వర్క్‌షాపు వరకు ఉచితము అన్నది తెలుగున వ్రాసి ఇప్పింపవలెను. కంపెనీ మనిషి గడువులో రానిచో, పెబ్బేరులోనో, కొల్లాపురములోనో, అచ్చంపేటలోనో బాగుచేసిన స్థానిక మెకానిక్ బిల్లును చెల్లింపజేయవలెను. ఈ సహాయము కోరుట వలన నో క్లెయిమ్ బోనస్ పోదను సంగతి సాధారణముగా పాలసీలలో ఉన్నదే యైనను, భయముచేత పిలువనివారి కొరకు దానిని మొదటి పుటలోనే ముద్రింపజేయవలెను. ఇవి జరుగువరకు కొనువాడు అడుగవలసినది ప్రీమియమెంత అని మాత్రమే కాదు. తాను ప్రతిదినము తిరుగు దారి పేరు చెప్పి, ఆ దారికి ఎవరు, ఎంతసేపటిలో వత్తురో వ్రాతపూర్వకముగా అడుగవలెను. సమాధానము రానిచో ఆ కొన్ని వందలు నమ్మకమైన స్థానిక మెకానిక్ కొరకు దాచుకొనుటయే మేలు.