యంత్రాలున్నాయి, యంత్రాంగమే లేదు

160 గిగావాట్లట! 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం లక్ష్యం అది. పది లక్షల కోట్ల పెట్టుబడులు, ఏడున్నర లక్షల ఉద్యోగాలు. కాగితం మీద అంకెలకు కరువేముంది? ఆ కాగితాన్ని అమరావతిలో కాదు, విజయపురి సౌత్‌లో నాగార్జునసాగర్ ఆనకట్టకు ఎదురుగా నిలబడి చదవాలి. మనకు అడ్డుపడుతున్నది ఎండా కాదు, గాలీ కాదు, టెక్నాలజీ అంతకన్నా కాదు. మన ప్రభుత్వాలేనని అక్కడ తెలుస్తుంది.

సాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలో 100.8 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఏడున్నాయి. 1980–85 మధ్య వచ్చినవి. నీళ్లు కిందికి వదిలి కరెంటు తీస్తాయి. కరెంటు మిగిలితే అవే నీళ్లను మళ్లీ జలాశయంలోకి ఎత్తిపోస్తాయి. మధ్యాహ్నం సోలార్ పొంగిపొర్లి, పొద్దుగూకగానే లోటు పడే ఈ రోజుల్లో ఇంతకన్నా ఏం కావాలి? కాకపోతే ఎత్తిపోయాలంటే కింద నీళ్లు నిలవాలి గదా! దిగువన సత్రశాల దగ్గర అందుకు కావాల్సిన జలాశయం, అంటే టెయిల్‌పాండ్, కట్టడం 2010 దాటాక గానీ తెమల్లేదు. మోటారు కొని బావి తవ్వడం మరిచిన రైతును ఊరంతా నవ్వుతుంది. సర్కారు అదే పని చేస్తే శిలాఫలకం వేస్తుంది.

ఆ లోపు రాష్ట్రమే రెండయింది. 2014 విభజన చట్టం విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో కేంద్రాలను ఎక్కడివి అక్కడే పంచేసింది. పైనున్న యంత్రాలు తెలంగాణకు, కిందున్న టెయిల్‌పాండ్ ఆంధ్రకు. సత్రశాలలో తన 50 మెగావాట్ల కోసం ఆంధ్ర నీళ్లు వదిలేస్తే ఎత్తిపోయడానికి చుక్క మిగలదు. పైన తెలంగాణ యంత్రాలు ఆపేస్తే కిందికి చుక్క రాదు. 2021లో తెలంగాణ పూర్తిస్థాయి ఉత్పత్తికి దిగింది, ఆంధ్ర సుప్రీంకోర్టుకెక్కింది. 2023 నవంబరు 30, తెలంగాణ పోలింగ్ నాడు తెల్లారేసరికి ఆంధ్ర పోలీసులు ఆనకట్టపై 26 గేట్లలో 13 స్వాధీనం చేసుకుని ముళ్లకంచె వేశారు. చివరికి కేంద్ర బలగాలు కాపలా కాయాల్సి వచ్చింది. ఈ నీళ్ల తగవులు చూడాల్సిన కృష్ణా బోర్డు పేరుకు 2014 నుంచీ ఉంది!

ఇరుగుపొరుగు సంగతి సరే, సొంత సంతకానికైనా విలువుందా? 2019 జులైలో జీవో 63తో పవన, సౌర విద్యుత్ ఒప్పందాలను ఆంధ్ర ప్రభుత్వం తిరగదోడింది. యూనిట్‌కు గాలికి 2.43, ఎండకు 2.44 రూపాయలకు ధర దించమంది. ఒప్పందం ప్రకారమే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం చెప్పాల్సి వచ్చింది. ధరలు ఎక్కువని వాదించొచ్చు. ఆ వాదన సంతకానికి ముందు చెయ్యాలి. జర్మనీ 2000లో చట్టం చేసి 20 ఏళ్ల ధరకు హామీ ఇచ్చింది. అక్కడ మనకన్నా ఎండ తక్కువ, మాట మీద నిలకడ ఎక్కువ.

సాగర్ రివర్సిబుల్ యూనిట్లనూ టెయిల్‌పాండ్‌నూ కలిపి రెండు జెన్‌కోల ఉమ్మడి సంస్థకు అప్పగించండి. దిగువ ఆయకట్టుకు, తాగునీటికి ఎంత వదలాలో ముందే రాసుకోండి. మిగతా నీళ్లు ఏ గంటకు ఎక్కాలో, ఏ గంటకు దిగాలో ఇంజినీర్లకు వదిలేయండి. ఎత్తిపోసిన నీటిని ఎవరి వాటాలోనూ లెక్కేయొద్దు, అది తిరిగొచ్చే నీరు. లాభం పంచుకోండి, రోజువారీ లెక్క జనం ముందు పెట్టండి. రైతు నోటికాడి నీళ్లు పోతాయని రెచ్చగొట్టే నాయకులు ముందు ఆ లెక్క చూపించి మాట్లాడాలి.

ఇలా నీళ్లు ఎత్తిపోసి కరెంటు దాచే పంప్డ్ స్టోరేజీ పేరుతో కంపెనీలకు కొత్త కొండలు రాసిచ్చే ముందు, ఉన్న 705.6 మెగావాట్లను ఏడాది పొడవునా ఇద్దరూ ఒక్క మాట మీద నడిపి చూపించండి. అది చేతకాని ప్రభుత్వాలకు 160 గిగావాట్ల మాటెత్తే హక్కు లేదు.