పబ్బు పక్కన గుడారం

పబ్బుకు పది నిమిషాల నడక దూరంలో గుడారాలు వేద్దామన్న పాపానికి మా మిత్రబృందం నన్ను దాదాపు వెలివేసింది. వచ్చే మే నెలలో మూడు రోజులు కొండల్లో నడవాలని సంకల్పం. బస ఎక్కడన్న ప్రశ్న రాగానే నేను డెర్బీషైరులోని ఈడేల్ పేరు చెప్పాను. ఒకాయన పటం తెరిచి, "అక్కడ రెండు పబ్బులున్నాయండీ! పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళుతూ తాగుడు కొట్టు పక్కన మకామా?" అన్నారు. మరొకాయనది కవిహృదయం. ప్రకృతి ఒడిలోకి వెళ్ళి కూడా మళ్ళీ మనుషుల మొహాలే చూడాలా అని ఆయన ఆవేదన. ఒకరికి నీతి కావాలి, ఇంకొకరికి నిర్జనం కావాలి. ఫోనులో నన్ను మాట్లాడనివ్వలేదు గనుక ఇద్దరికీ ఇక్కడే సమాధానం చెప్పుకుంటాను.

మొదట నీతి సంగతి. సారాకొట్టు మీద తెలుగువారికున్న ఏవగింపు ఊరికే వచ్చింది కాదు. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద ఎందుకు తిరగబడ్డారో తెలిసినవాడెవడూ దాన్ని ఎగతాళి చెయ్యడు. నేనూ చెయ్యను. కానీ ఒకచోటి గాయాన్ని చూపించి మరొకచోటి ఇంటిమీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. పబ్బంటే పబ్లిక్ హౌస్‌కు పొట్టి పేరు. ఇంగ్లండు పల్లెలో అది సగం పూటకూళ్ళ ఇల్లు, సగం రచ్చబండ. (గిరీశం పుణ్యమా అని పూటకూళ్ళ ఇంటికి మన సాహిత్యంలో కొంత అప్రతిష్ఠ వచ్చిన మాట నిజమే. అది వేరే కథ.) పెద్దలు వెంట ఉంటే పిల్లలను చాలాచోట్ల రానిస్తారు. కుక్కలను సైతం రానిచ్చేవి ఎన్నో ఉన్నాయి. నేను మద్యం ముట్టను. ఇన్నేళ్ళలో నిమ్మసోడా అడిగినందుకు నన్నెవరూ చిన్నచూపు చూడలేదు.

ఇక నిర్జనం. అయ్యా, మీరు కోరే ఏకాంతం కూడా ఎవరో ఒక రైతు పొలమే. ఇంగ్లండులో కొండమీద మనసైనచోట గుడారం పాతుకునే హక్కు సాధారణంగా లేదు. భూమి యజమాని అనుమతి కావాలి. డార్ట్‌మూర్ ఉమ్మడి భూముల్లో ఆ హక్కు ఉందని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది గానీ అది మినహాయింపు. కాబట్టి ఎలాగూ రుసుము కట్టి ఒక పొలంలోనే పడుకుంటాం. ఆ పొలం మనుషులకు దగ్గరగా ఉండాలా, దూరంగా ఉండాలా అన్నదే ప్రశ్న.

దూరంగా ఉంటే ఏమవుతుందో ఒకసారి చూశాను. కొన్నేళ్ళ క్రితం సెప్టెంబరులో, చుట్టూ నాలుగు మైళ్ళలో ఏ కట్టడమూ లేని లోయను ఏరికోరి ఎంచుకున్నాం. ఎంచుకున్నది నేనే, నెపం ఇంకొకరిమీద వెయ్యను. సాయంత్రం ఆరింటికి మొదలైన వాన తొమ్మిదింటికి గుడారంలోకి వచ్చింది. స్టవ్వు వెలగలేదు. ఫోనుకు సిగ్నలు లేదు. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మకు అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. తడిసిన శాలువాలో ఆవిడ వణుకుతూ కూడా నన్ను ఒక్క మాటా అనలేదు, అదే భరించలేకపోయాను. చీకట్లో ఆ ఇరుకు దారుల్లో కారు నడిపి, దీపం కనబడిన మొదటి పబ్బు ముందు ఆపాను. వంటగది కట్టేశారు. అయినా ఆ ఇంటావిడ అమ్మను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, గోధుమరొట్టె, కూరగాయల సూపు వేడిచేసి తెచ్చింది. మేజోళ్ళు విప్పించి పొయ్యి కమ్మీమీద తనే ఆరవేసింది. అమ్మ చుట్టూ చూసి, "సత్రమేగా ఇది, పబ్బంటావేమిట్రా?" అంది. ఆ రాత్రి తర్వాత నా పక్షం ఏదో నాకు స్థిరపడిపోయింది.

అమ్మ మాటలో అతిశయోక్తి లేదు. పెన్నైన్ వే బాటమీద సముద్రమట్టానికి 1,732 అడుగుల ఎత్తున టాన్ హిల్ ఇన్ ఉంది, బ్రిటనులోకెల్లా ఎత్తైన పబ్బు. 2021 నవంబరులో ఆర్వెన్ తుఫాను మంచు దారులు మూసేస్తే, పాటకచేరీకని వచ్చిన 60 మందికి పైగా జనం మూడు రాత్రులు అక్కడే తలదాచుకున్నారు. లాంగ్‌డేల్ లోయలోని ఓల్డ్ డంజన్ గిల్ హోటలులో నడకరుల కోసమే ఒక బారు ఉంది, ఒకప్పటి పశువుల కొట్టం అది. బురద బూట్లతో వెళ్ళినా ఎవరూ మొహం చిట్లించరు. నేషనల్ ట్రస్టు వారి గుడారాల మైదానం అక్కడికి కూతవేటు దూరం.

ఈడేల్ అన్నది కూడా అందుకే. 1965లో తెరిచిన 268 మైళ్ళ పెన్నైన్ వే మొదలయ్యేది ఆ ఊళ్ళోని ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే పబ్బు దగ్గరే. పైనున్న కిండర్ స్కౌట్ కొండ భూస్వాముల వేట మైదానంగా ఉన్న రోజుల్లో, 1932 ఏప్రిల్ 24న కార్మిక యువకులు అవతలివైపు హేఫీల్డ్ నుంచి నిషేధాన్ని ధిక్కరించి ఎక్కారు. అయిదుగురు జైలుకు వెళ్ళారు. మనం ఈనాడు ఉచితంగా నడుస్తున్న నేల అది. బాట ఉచితం, గాలి ఉచితం. మరి ఆ లోయకు మనం ఇచ్చేదేమిటి? మాంచెస్టరులో బియ్యం, కోడిమాంసం కొంటాం, పెట్రోలు కొంటాం, మంచుపెట్టెలు నింపుకుంటాం. పల్లెలో మాత్రం ఒక్క పౌండూ ఖర్చుపెట్టకుండా, వచ్చేటప్పుడు చెత్తసంచి ఒకటి వాళ్ళ తొట్టిలో వేసి వస్తాం. ఊళ్ళలో పబ్బులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మూతపడ్డాక వానలో తలుపు తట్టడానికి ఏ ఇంటికి వెళతామో నిర్జనప్రియులు సెలవివ్వాలి. అన్నట్టు, ఏకాంతం కోరే ఈ కవిగారే నిరుడు బ్లూటూత్ స్పీకరు తెచ్చారు.

ఈడేల్‌కు రైలుంది. మాంచెస్టరు నుంచి గానీ షెఫీల్డు నుంచి గానీ దిగి, వీపు సంచితో నడిచి వెళ్ళవచ్చు. రాత్రి భోజనం మొయ్యనక్కర లేదు గనుక సంచి తేలిక. గుడారం మరీ పబ్బు గోడకు ఆనుకుని వద్దని నేనూ ఒప్పుకుంటాను. రాత్రి పదకొండింటికి ఖాళీ సీసాలు తొట్టిలో కుమ్మరించే చప్పుడు విన్నవాడిని. పటంలో నీలిరంగు చెంబు గుర్తు చూసి మురిసిపోతే చాలదు, అక్కడినుంచి గుడారానికి కాలిబాట ఉందో, కార్లు తిరిగే రోడ్డే దిక్కో చూడాలి. వంటగది ఎన్నింటికి కడతారో, సోమవారం అసలు తీస్తారో లేదో ముందే అడగాలి. తలకు దీపం కట్టుకోవాలి.

నిన్న నాలుగు గుడారాలకు చోటు అడుగుతూ ఉత్తరం రాశాను. నీతిపక్షం వారు ఆలోచించుకుంటామన్నారు. కవిగారు వస్తానన్నారు, స్పీకరు ఇంట్లో వదిలి రమ్మని చెప్పాను. అమ్మకు వీసా ఇంకా రావాలి.