ఇంటిపేరు, ఒంటిపేరు, కాగితముపై పేరు

హొయసల విష్ణువర్ధనుని శాసనములలో నంగలి ఆ రాజ్యమునకు తూర్పు ఎల్లగా పేర్కొనబడినది. తొమ్మిది శతాబ్దములు గడచినను మన ఊరు ఎల్లగనే యున్నది. నాడు రాజ్యమునకు, 1956 నవంబరు 1 తరువాత భాషారాష్ట్రములకు. మనలో పలువురు గమనింపని మరియొక ఎల్ల కూడ ఇచ్చటనే యున్నది. పలమనేరు వైపున మనిషి పేరునకు ముందు వచ్చు అక్షరము ఇంటిపేరుది. ముళబాగిలు వైపున ఆ అక్షరమే తండ్రిపేరుదో, ఊరిపేరుదో యగును. మన కుటుంబములు ఈ రెంటి నడుమ తరతరములుగా కాపురముండి, అటు పిల్లనిచ్చి, ఇటు పిల్లను తెచ్చుకొని, సంతానములేనివారు అక్కచెల్లెండ్ర బిడ్డలను పెంచుకొని సుఖముగనే జీవించినవి. మనిషిని చూచి పోల్చుకొను కాలమున దీనివలన నష్టమేమియు లేకుండెను. కాగితమును చూచి మనిషిని పోల్చు కాలము వచ్చిన పిదపనే చిక్కులన్నియు మొదలైనవి.

ఒక ఆడుబిడ్డ సంగతి తీసికొందము. ఇట్టివారు మన ప్రతి వీధిలోను ఉన్నారు గనుక పేరు చెప్పబనిలేదు. పుంగనూరు ప్రాంతమున పుట్టినది. జనన నమోదులో కన్నతండ్రి పేరున్నది. నాలుగవ యేట బిడ్డలులేని పెద్దమ్మ, పెదనాన్న తెచ్చి పెంచుకొనిరి. పీటలు వేసి ఒడిలో కూర్చుండబెట్టుకొనిరి, బంధువులకు భోజనములు పెట్టిరి, పురోహితుడు మంత్రము చదివెను. కాగితము మాత్రము ఎవ్వరును వ్రాయలేదు. బడిలో చేర్చునాడు పెంచిన తండ్రి తన పేరే చెప్పెను, ఎస్.ఎస్.ఎల్.సి. మార్కుల పట్టీలో అదియే పడినది. పెండ్లియై కోలారు బంగారు గనుల ప్రాంతమునకు కాపురమునకు పోగా, అత్తవారు రేషను కార్డులో లక్ష్మమ్మను లక్ష్మీదేవిగా వ్రాయించి, ముందు తమ పద్ధతి అక్షరమును తగిలించిరి. ఆధారు ఒక పేరున, బ్యాంకు పుస్తకము మరియొక పేరున సాగినవి. పెంచిన తండ్రి కాలముచేసెను. రెండెకరముల మామిడితోట పహణి ఆమె పేరికి మారవలెను. దాయాదులు లేచి, "ఆమె మా చిన్నాయనకు కూతురెట్లయినది? కాగితము చూపుమనుడు" అనిరి. ముప్పదియేండ్లు నాన్నా యని పిలిచినవానికి తాను కూతురేనని చెప్పు సాక్షులకొరకు ఆమె ఊరూరు తిరుగవలసివచ్చును. నాడు పీటల యెదుట కూర్చున్న పెద్దలలో పలువురు గతించియుందురు.

ఆమెకు అన్యాయము చేసినది చట్టము కాదు. 1956 డిసెంబరు 21 నుండి అమలులోనున్న హిందువుల దత్తత, మనోవర్తి చట్టము ఈ విషయమున మిక్కిలి స్పష్టముగ నున్నది. బిడ్డను ఇచ్చువారు ఇచ్చి, పుచ్చుకొనువారు పుచ్చుకొనుటయే దత్తతకు ప్రాణము. దత్తహోమము కూడ అనివార్యము కాదని ఆ చట్టమే చెప్పుచున్నది. దత్తత జరిగిన దినమునుండి ఆ బిడ్డ పెంచినవారి బిడ్డయే. కన్నవారింటితో సంబంధము తెగును, వివాహ విషయమున పాత వావివరుసలు మాత్రము నిలిచియుండును. మనవారు ఇంతవరకు విని, కాగితమక్కరలేదట యని నిశ్చింతగ కూర్చుందురు. దత్తత చెల్లుటకు కాగితమక్కరలేదు, నిజమే. అది జరిగినదని పదిమందిలో నిలబెట్టుటకు అక్కర. ఆ చట్టము 16వ సెక్షను ప్రకారము, ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును సంతకములుచేసిన దత్తత పత్రము రిజిస్టరైనచో, దత్తత సక్రమముగనే జరిగినదని న్యాయస్థానము భావింపవలెను. కాదనువాడే కాదని రుజువు చేయవలెను. ఒక్క సబ్ రిజిస్ట్రారు కచేరి ముద్రతో రుజువుభారము బిడ్డ తలమీదినుండి దాయాది తలమీదికి మారుచున్నది. ఇంతకంటె చౌకగ దొరకు రక్షణ మరియొకటి ఏదియు మాకు కనబడదు.

ఇదివరకే జరిగిపోయిన దత్తతకు గూడ, ఫలాని సంవత్సరమున ఈ దత్తత జరిగినదని తెలుపుచు, ఇరుపక్షములవారు బ్రతికియుండగా పత్రము వ్రాసి రిజిస్టరు చేయింపవచ్చును. వారిలో ఒకరు పోయినచో ఈ సులభమార్గము మూతపడును. పిమ్మట సివిలు కోర్టు డిక్రీయే గతి. అందుచేత ఈ పని రేపటికి వాయిదా వేయదగినది కాదు. అయితే, చేయని దత్తతను చేసినట్లు వ్రాయించుట నేరమని, చట్టపు షరతులు తప్పిన దత్తత పత్రమున్నను చెల్లదని కూడ మరువరాదు. పదునైదేండ్లు నిండినవానిని, వివాహితుని ఆచారబలము లేక దత్తత చేసికొనరాదు. కొడుకుగాని, మనుమడుగాని, మునిమనుమడుగాని ఉన్నవారు మరియొక కొడుకును, కూతురుగాని కొడుకు కూతురుగాని ఉన్నవారు మరియొక కూతురును దత్తు తీసికొనరాదు. భార్య సమ్మతిలేక భర్త చేసిన దత్తత నిలువదు. 2010 సవరణ తరువాత భార్యయు భర్త సమ్మతితో దత్తత చేసికొనవచ్చును. మన రెడ్డి, కమ్మ కుటుంబములలోని ఇల్లటము వేరు, దత్తత వేరు. ఇల్లటపు అల్లుడు మామగారి కుమారుడు కాడు, తన కన్నవారింటి హక్కు పోగొట్టుకొనడు. అల్లునికి మామగారి ఇంటిపేరు తగిలించి, కాగితములలో తండ్రిపేరు మార్చువారు తెలియక రెండు కుటుంబములకును చిక్కులు తెచ్చుచున్నారు.

మన తెలుగువారి వ్యాజ్యమే యొకటి 2022 జూలై 28న సుప్రీంకోర్టులో తీర్పు పొందినది. 2006లో భర్త మరణించిన యొక యువతి చంటిబిడ్డతో మిగిలి, మరుసటి యేట పునర్వివాహము చేసికొన్నది. బిడ్డకు తమ్మునే సంరక్షకులుగ నియమింపవలెనని తాతయు అవ్వయు కోర్టుకెక్కిరి. పాత ఇంటిపేరు పునరుద్ధరింపవలెనని, రికార్డులలో కన్నతండ్రి పేరు చూప వీలుకానిచోట రెండవ భర్త పేరును సవతితండ్రిగ వ్రాయవలెనని హైకోర్టు ఆదేశించెను. సుప్రీంకోర్టు దానిని త్రోసివేసినది. తండ్రి లేని బిడ్డకు తల్లియే సహజ సంరక్షకురాలు గనుక ఇంటిపేరును నిర్ణయించు హక్కు ఆమెదే యనినది. బిడ్డ కాగితములలో 'సవతితండ్రి' యని వ్రాయించుట క్రూరమును అవివేకమునని మందలించినది. ఆ వ్యాజ్యము నడుచుచుండగనే, 2019లో, రెండవ భర్త రిజిస్టరు పత్రముతో ఆ బిడ్డను దత్తత చేసికొనియుండెను. దత్తుబిడ్డ పెంచిన కుటుంబపు ఇంటిపేరు ధరించుట సహజమేనని కోర్టు చెప్పుటకు ఆ పత్రము ఎంత తోడ్పడినదో మన పెద్దలు గుర్తింతురు గాక. పునర్వివాహము చేసికొన్న తల్లుల బిడ్డలు మనలోను గలరు. వారిని కాగితములో నొక పేరుతో, ఇంటిలో నొక పేరుతో పెంచుట వారి మనస్సునకు ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక కోడండ్ర మాట. కోడలి పేరు మార్చుటయే వంశగౌరవమని తలంచు పెద్దలు మనలో నేటికిని గలరు. వివాహానంతరము భార్య భర్త ఇంటిపేరు ధరింపవలెనని ఏ శాసనమును నిర్బంధించుట లేదు. పెండ్లితో గోత్రము మారినది, సంకల్పమున చెప్పుకొందురు. శుభలేఖలలో మన ఇంటిపేరు వేసికొందురు. ఎవరికిని ఆక్షేపణ లేదు. కాని పుట్టింటివారు పన్నెండేండ్లు బడికి పంపి సంపాదించిపెట్టిన సర్టిఫికెట్టులోని పేరు, రేషను కార్డు వ్రాయించునాడు మామగారు ఒక్కమాటతో మార్చదగినది కాదని మా అభిప్రాయము. ఆధారులో భర్తపేరు కావలెనన్నచో అది చిరునామాలో భాగముగ అచ్చగును. అందులకై ఆమె పేరు మార్చ నవసరము లేదు. పాస్‌పోర్టుకు వివాహ పత్రము తప్పనిసరి కాదని 2016 డిసెంబరులోనే కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. దేశములోపల జరిగిన దత్తతకు రిజిస్టరు పత్రము లేకున్నను సాధారణ కాగితముపై ప్రకటన చాలునని అప్పుడే సడలించినది. ప్రభుత్వమే ఇంత దూరము వచ్చినప్పుడు మనమేల పట్టుపట్టవలెను?

"ఇంటిపేరు కస్తూరివారు, ఇంట గబ్బిలాల కంపు" అని మనవారే అన్నారు. పేరు మార్చిన గౌరవము ఎంత దినము నిలిచినదో 2023వ సంవత్సరము చూపినది. ఆ సంవత్సరము జూలై 1 నుండి ఆధారుతో జతపడని పాన్ కార్డులు పనిచేయకపోయెను. రెంటిలోను పేరు సరిపోలనివారికి, వేయిరూపాయల రుసుము చెల్లింప సిద్ధపడినను, జత కుదురలేదు. ఆ యేటనే ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వము గృహలక్ష్మి పథకమును ఆరంభించి ఇంటి యజమానురాలికి నెలకు 2000 రూపాయలు ప్రకటించినది. రేషను కార్డు, ఆధారు, బ్యాంకు ఖాతా మూడింటను ఒకే స్త్రీ కనబడినగాని ఆ సొమ్ము చేరదు. లక్ష్మమ్మ లక్ష్మీదేవి యైనచోట గృహలక్ష్మి గడప దాటి లోనికి రాలేదు.

అక్షరముల తగవు వేరొకటి. మన సీమలో వెంకటరమణప్ప పలుకుటలో వెంకటరవణప్ప యగును. వ్రాసికొనువాడు విన్నట్లే వ్రాయును. లక్ష్మిని ఇంగ్లీషున ఎక్సు అక్షరముతో నొకరు, కే ఎస్ హెచ్ లతో నొకరు వ్రాయుదురు. మన వర్తకులలో శెట్టిని హెచ్ లేకుండ వ్రాయువారే ఎక్కువ; మంగళూరు వైపు శెట్టిగారు హెచ్ వేసికొందురు; కంప్యూటరు ముందు కూర్చున్న కుఱ్ఱవానికి ఈ భేదము తెలియదు, తెలియవలసిన పనియు లేదు. పాన్ దరఖాస్తులో పొడి అక్షరములు చెల్లవు గనుక, పొడి అక్షరమును విడదీయునప్పుడు అన్న ఇంటిపేరు వ్రాయించును, తమ్ముడు తండ్రిపేరు వ్రాయించును. ఒకే కడుపున పుట్టినవారు రెండు వంశములవారగుదురు.

అంగడిలో చిట్టాకును ఆవర్జాకును పేరు సరిపోలకున్నచో ఏమి చేయుదుము? మొదట వ్రాసిన చోటికి పోయి చూతుము. కాగితముల విషయమునను అదియే మార్గము. జనన నమోదు, బడి రికార్డు ఈ రెండును మూలములు. తక్కినవన్నియు వానినుండి ఎత్తివ్రాసినవి. మనవారు మూలమును విడిచి, సులభముగ మారునది గదా యని ఆధారును మార్చుచు పోదురు. ఆధారులో పేరు మార్చుకొనుటకు జన్మకు రెండుమారులే అవకాశము, పుట్టినతేదీకి ఒక్కమారే. అవి వ్యర్థమైన పిదప పడవలసిన పాట్లు వేరు. వయస్సు నిర్ధారణకు ఆధారు తగిన ఆధారము కాదని, బడి విడుపు పత్రమే మేలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక నష్టపరిహార వ్యాజ్యమున చెప్పినది. 2023 అక్టోబరు 1న గాని తరువాత గాని పుట్టిన బిడ్డలకైతే బడిలో చేరుట మొదలు పాస్‌పోర్టు వరకు జనన పత్రమే ప్రమాణము. కావున తొట్టెలోనున్న బిడ్డ పేరు వ్రాయించునప్పుడే ఇంటిపేరు సంపూర్ణముగ, తరువాత మార్చనక్కరలేని రీతిని వ్రాయింపవలెను. జనన నమోదులో పొరపాటున్నచో 1969 చట్టము 15వ సెక్షను క్రింద సరిదిద్దింపవచ్చును. పాత వ్రాతను చెరపక, ప్రక్కన అంచులో సవరణ వ్రాసి తేదీతో సంతకము చేయుదురు. మన తాతలు ఆవర్జాలో చేసినదియు ఇదియే. బడి సర్టిఫికెట్టులో పేరు సవరణను పరీక్షా సంస్థలు మొండిగ నిరాకరింపరాదని, పేరు మనిషి భావప్రకటన స్వేచ్ఛలో భాగమని 2021 జూన్ 3న సుప్రీంకోర్టు తీర్పిచ్చియున్నది. అయినను పరీక్షకు పోవుటకు ముందే, ప్రధానోపాధ్యాయుడు పేర్ల జాబితా పంపునాడు తండ్రి యొక గంట అంగడి మూసి బడికి పోయి చూచుకొన్నచో కోర్టుల మాటే రాదు.

'ఈ ఇద్దరును ఒక్కరే' యని స్టాంపు కాగితముపై ప్రమాణము వ్రాయించి యిచ్చు దళారులు కచేరీల ముందు ఎప్పుడును దొరకుదురు. అది కుంటివానికి కఱ్ఱవంటిది. ఒక కచేరిలో చెల్లినది మరియొక కచేరిలో చెల్లకపోవచ్చును. పెండ్లి తరువాత పేరు మార్చుకొనుటకే నిశ్చయించిన ఆడుబిడ్డలు వివాహమును రిజిస్టరు చేయించుకొనవలెను. పుట్టింటి పేరునకు అత్తింటి పేరునకు లంకె అదియే. వివాహములన్నియు రిజిస్టరు కావలెనని సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించినది. మన కల్యాణములకు అయిదువందల విస్తళ్ళు వేయు ఖర్చులో ఈ రుసుము లెక్కకు రాదు.

ప్రభుత్వమునకు మన మనవియు నొకటి గలదు. ఒక జిల్లాలోగాని తాలూకాలోగాని అల్పసంఖ్యాక భాషవారు నూటికి పదునైదుగురికి తక్కువ గాకున్నచో ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు వారి భాషలోను ప్రచురింపవలెనని 1961 ఆగస్టు ముఖ్యమంత్రుల సమావేశమున ఒప్పుకొనిరి. కోలారు జిల్లాలో తెలుగువారు ఆ సంఖ్యకు మించియే యున్నారు. కన్నడము మనకు అన్నము పెట్టిన భాష, మన బిడ్డలు చదువుకొను భాష. దానితో మనకు తగవు లేదు. కాని పెద్ద వయస్సు స్త్రీ తన పేరు తాను చదివి, సరియా తప్పా యని చెప్పగల లిపిలో ఒక ప్రతి ఆమె చేతికిచ్చిన పిదప సంతకము తీసికొన్నచో, సగము తప్పులు ఆ మేజావద్దనే దిద్దబడును. మన సంఘము ఈ మేరకు అర్జీ వ్రాయనున్నది. సభ్యులు సంతకములు చేయవలెను.

దత్తత పత్రములు లేని కుటుంబములవారు, ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును జీవించియున్నచో, ముందుగ రావలెను. తక్కిన సవరణలు వారి తరువాత. సంఘమందిరమున ఆదివారము ఉదయము కాగితములు చూచి, ఏ కచేరికి ఏ పత్రముతో పోవలెనో చెప్పబడును. మూలపత్రములు చూపి ఇంటికి తీసికొనిపోవలెను. నకళ్ళు మాత్రమే ఇచ్చట ఉంచుకొందుము.