స్టే ఉంది కదా అని కూచుంటే ఎలా?



కృష్ణా నీళ్ల కేసు మాటెత్తితే అందరిదీ ఒకటే జవాబు. "సుప్రీంకోర్టులో స్టే ఉందిగా, భయం లేదు." స్టే అంటే తీర్పు కాదండీ. తీర్పు వచ్చేదాకా ఆగమనడమే.

బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రాకి 811 టీఎంసీలు ఇచ్చింది. మిగులు నీళ్లు, హక్కు కాకపోయినా, వాడుకోనిచ్చింది. 2010లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ఆ మిగులు కూడా మూడు రాష్ట్రాలకి పంచేసింది. ఆల్మట్టి ఎత్తు 524.256 మీటర్లకి సరే అంది. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని గెజిట్‌లో వెయ్యకుండా ఆపింది. మనకున్న అడ్డుకట్ట అదొక్కటే.

అది తొలగిందా, ఆల్మట్టి ఇంకా నిండాకే నీళ్లు కిందికి. సార్వా నాట్లు వెనకబడితే కోతలు తుఫాన్ల నోట్లో పడతాయి. దివిసీమ శివారు వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పట్టిసీమ ఉందిగా అంటారు. అది గోదావరి వరదని నమ్ముకున్న పథకం.

ఇక తెలంగాణతో పంపకం. 2023 అక్టోబరులో కేంద్రం ఆ పని కూడా అదే ట్రిబ్యునల్‌కి అప్పజెప్పింది. దాని మీదా మన రాష్ట్రం సుప్రీంకోర్టుకే వెళ్లింది.

"లాయర్లు చూసుకుంటార్లే" అంటారా? కాలవకి గండి పడితే లస్కరు చూసుకుంటాడని ఇంట్లో కూచుంటామా?

2011 నుంచి ప్రభుత్వాలు మారాయి, కేసు తేలలేదు. పార్టీలు పక్కన పెట్టండి. ప్రతి వాయిదాకి ముందు మన తరఫున ఏం వాదిస్తున్నారో తెలుగులో రాసివ్వమని ప్రతి నీటి సంఘం తీర్మానం చేసి పంపాలి. నీళ్లు మనవి, అడిగే హక్కూ మనదే.