చర్మకణముల పట్టును, తల్లిపై నిందయు

మా కోసిగి ప్రాంతమున ఎండకును రాతినేలకును పాదములు కాయలు కాచుట అందఱెఱిగినదే. ఆ కాయయు, పసిబిడ్డ బుగ్గమీది మెత్తని చర్మమును ఒక్క తీరుననే పెరుగుచున్నవి. చర్మపు పైపొర యడుగున ఒక వరుస కణములు పీటవంటి సన్నని పొరను గట్టిగా పట్టుకొని, చీలుచు, క్రొత్తకణములను గనుచుండును. వానిలో కొన్ని పట్టు విడిచి పైకి జరిగి, గట్టిపడి, కడకు పొట్టువలె రాలిపోవును. ఈ ప్రయాణమునకు నెల మొదలు నెలన్నర పట్టును.

ఆ పట్టు వట్టి అతుకు మాత్రమే కాదు. కణమునకు ఆజ్ఞ కూడను. అడుగుపొరను పట్టుకొనునవి ఇంటెగ్రిన్ లను మాంసకృత్తులు. ప్రక్క కణమును పట్టుకొనునవి కాడ్‌హెరిన్ లను మాంసకృత్తులు. కాల్షియము లేనిచో కాడ్‌హెరిన్‌లు పనిచేయవు. అడుగుపట్టు తప్పిన కణము చీలుట మాని గట్టిపడుటకు మొదలిడును. తేలుచున్న చర్మకణములకు ఫైబ్రోనెక్టిన్ అను పట్టుపదార్థము నందించినచో ఆ గట్టిపడుట యాగునని 1989లో ఇంగ్లండున ఆడమ్స్, ఫియోనా వాట్ అను విదుషీమణులు చూపిరి.

ఇంటెగ్రినో, అది పట్టుకొను లామినినో, మఱియొక బంధకమో పుట్టుకతో లోపించిన పసికందులు గలరు. ఎత్తుకొన్నను, బట్ట యొరసినను వారి యొడలు బొబ్బలెక్కును. వైద్యులు దీనిని ఎపిడెర్మోలైసిస్ బులోసా యందురు. ఇట్టి బిడ్డ పుట్టగానే గ్రహణము సోకెననియు, తల్లి చేసిన పాపమనియు ననువారు లేకపోలేదు. ఇది యన్యాయము. తీవ్రమైన రకములు పెక్కింట తల్లిదండ్రు లిరువురును ఆరోగ్యముగా నుండియే ఒక్కొక్క దోషపుజన్యువును మోయుచుందురు. అపుడు ప్రతి కాన్పునందును బిడ్డకు నూటికి 25 పాళ్లు ఆ వ్యాధి రాగలదు. తండ్రి పాలు తల్లి పాలితో సమానమే. మన సీమలో వాడుకయైన మేనరికమునందును, మేనమామ పెండ్లియందును ఇట్టి కలయిక కవకాశము హెచ్చు.

అట్టి బిడ్డను చంకలు పట్టి యెత్తరాదు. పిరుదులక్రిందను, మెడక్రిందను చేతులుంచి, వీలైనచో మెత్తని గుడ్డతో సహా ఎత్తవలెను. మొలత్రాడు, మురుగులు, బిగువు బట్టలు వలదు. చొక్కాను కుట్టు పైకి వచ్చునట్లు తిరుగవేసి తొడుగవలెను. అంటుకొను పట్టీలు వేయరాదు; పసరులు, బూడిద పూయరాదు. బొబ్బ పెద్దదైనచో శుద్ధిచేసిన సూదితో నీరు తీయించి, పైతోలు నట్లే యుంచవలెను. కర్నూలు సర్వజన వైద్యశాలలో చర్మవైద్యులకు చూపుడు. జన్యుపరీక్షకును, మఱుకాన్పును గూర్చిన సలహాకును హైదరాబాదు నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో ప్రత్యేక విభాగము గలదు.

ఇంట సంబంధము కలుపుకొనకమునుపే పెద్దలు ఈ లెక్కను విచారింపవలెననియు, బిడ్డ పుట్టిన పిమ్మట కోడలిని దూరుట మాని ఆమెకు నిదురపోవుటకు రెండు జాములు తెఱపి యీయవలెననియు అత్తగార్లను మేము వేడుచున్నాము.