పెరట్లో రైలు నడవనివ్వండి



మీ అబ్బాయో అమ్మాయో ఆదివారం పెరట్లో బొమ్మ రైలుకు పట్టాలు వేస్తానంటే "టైమ్ వేస్ట్" అనేయకండి. 1968లో జర్మనీలో ఎల్‌జీబీ పేరుతో వచ్చిన తోట రైలు పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. దాన్ని 22.5తో గుణించమనండి. దాదాపు మీటరు వస్తుంది. ఒకప్పటి మన సికింద్రాబాద్-మన్మాడ్ మీటర్‌గేజ్ లైను వెడల్పు అదే! నిష్పత్తుల పాఠం చేతికి అందినట్టే.

పట్టాలు నేరుగా మట్టి మీద వేస్తే వానకు కుంగుతాయి. కింద కంకర పరిస్తే నీరు దిగిపోతుంది. మీటరుకు 2 సెంటీమీటర్లకు మించి ఎత్తు పెంచితే పెట్టెలు లాగలేక ఇంజిన్ చక్రాలు జారవచ్చు. ఇత్తడి పట్టాలు మసకబారితే కరెంటు సరిగా అందదు, తుడవాలి.

ఇవన్నీ మీరే సరిచేసి పెట్టకండి. బండి ఎందుకు పట్టాలు తప్పిందో పిల్లలే వెతకాలి. మార్కులు లేని చోటే తప్పు చేసి దిద్దుకునే ధైర్యం వస్తుంది. దీన్ని కూడా ప్రాజెక్టుగా మార్చి ఆ ధైర్యం పోగొట్టకండి.

సెట్టు ఖరీదైనదే. అందుకే 1.2 మీటర్ల వ్యాసం ఉన్న చిన్న వలయంతో మొదలుపెట్టండి, డాబా మీదైనా పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ తడవకుండా ఇంట్లో ఉంచడం మీ బాధ్యత. మిగతాది వాళ్లకు వదిలేయండి.